వెండితెర న్యాయవాది గ్రెగరీ పెక్

నటుని కీర్తి అనేక సందర్భాలలో అతని రూపంతో పుట్టి, ఆ రూపంతోనే వాడిపోతుంది. తాను ధరించిన పాత్రల విలువను బట్టి చిరకాలం గుర్తుండే నటులు ఏ దేశంలోనైనా కొద్దిమందే. హాలీవుడ్ స్వర్ణయుగపు కథానాయకులలో గ్రెగరీ పెక్ అట్టివాడు. మన దేశంలో ఆయనను ‘గన్స్ ఆఫ్ నవరోన్’, ‘మెకన్నాస్ గోల్డ్’ వంటి సాహస చిత్రాల వీరునిగా ఎరిగినవారే ఎక్కువ. కాని ఆయన నటజీవితంలోని అసలు విశేషం తుపాకులలో లేదు. ఏ పాత్రను అంగీకరించాలి, ఎందుకు అంగీకరించాలి అనే విచక్షణలో ఉన్నది.

పెక్ 1916 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలోని లా హోయా అనే సముద్రతీర గ్రామంలో జన్మించాడు. తండ్రి ఔషధ విక్రేత. తల్లిదండ్రులు విడిపోయినందున బాల్యంలో కొంతకాలం అమ్మమ్మ వద్ద పెరిగాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వైద్యుడు కావాలన్న తలంపుతో చేరి, పిదప ఆంగ్ల సాహిత్యానికి మారాడు. భోజనానికి బదులుగా విద్యార్థినుల వసతిగృహపు వంటశాలలో పనిచేశాడు. అక్కడి విద్యార్థి నాటకాలే ఆయనకు తొలి గురువులు. 1939లో న్యూయార్క్ చేరి నటనలో శిక్షణ పొంది, 1942లో బ్రాడ్వే రంగస్థలంపై తొలిసారి కనిపించాడు. శిక్షణలో వెన్నుకు తగిలిన దెబ్బ వలన యుద్ధకాలంలో సైన్యంలో చేరవలసిన అవసరం లేకపోయింది.

ఈ సంగతి ఆయన భవిష్యత్తును మలచినది. ఆ రోజుల్లో హాలీవుడ్ నటుడు స్వతంత్రుడు కాడు. పెద్ద నిర్మాణసంస్థలు నటులను సాధారణంగా ఏడేళ్ల ఒప్పందంతో బంధించేవి. జీతం ఇచ్చేదీ సంస్థే, పాత్రను నిర్ణయించేదీ సంస్థే. కాదన్న నటుని జీతం నిలిపివేసి, ఆ ఖాళీ కాలాన్ని సైతం ఒప్పందపు గడువుకు కలపడం ఆనవాయితీ. కాని యుద్ధం వలన పేరున్న కథానాయకులలో పలువురు సైన్యంలో ఉన్నారు. సంస్థలకు నటుల కొరత ఏర్పడింది. మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థాధిపతి లూయీ మేయర్ కోరినప్పటికీ పెక్ ఒకే సంస్థకు కట్టుబడలేదు. కొన్ని చిత్రాల చొప్పున వేర్వేరు సంస్థలతో ఒప్పందాలు చేసుకొని, పాత్రలను ఎంచుకొనే స్వేచ్ఛను నిలుపుకొన్నాడు. 1944లో ‘డేస్ ఆఫ్ గ్లోరీ’తో తెరకెక్కిన ఆయన, 1944 నుండి 1949 వరకు విడుదలైన చిత్రాలలోనే నాలుగు పాత్రలకు ఆస్కార్ పరిశీలన పొందాడు.

ఆ స్వేచ్ఛకు తొలి పరీక్ష 1947లో వచ్చిన ‘జెంటిల్మెన్స్ అగ్రిమెంట్’. యూదుల పట్ల అమెరికన్ సమాజంలో గల వివక్షను పరిశోధించడానికి ఒక పాత్రికేయుడు తానే యూదుడనని చెప్పుకొని కొన్ని వారాలు జీవిస్తాడు. హోటలు వారు గది లేదంటారు. ఇరుగుపొరుగు మాటతీరు మారుతుంది. తమకు ద్వేషం లేదని చెప్పుకొంటూనే, ద్వేషించేవారి ఎదుట మౌనం వహించే మర్యాదస్తులపైననే ఈ చిత్రం ప్రధానంగా వేలు చూపినది. ఇట్టి పాత్ర భవిష్యత్తుకు చేటని పెక్ ప్రతినిధి వారించాడు. పెక్ వినలేదు. ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ లభించింది.

ఆయనకు ఉత్తమ నటుని ఆస్కార్ తెచ్చినది 1962 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. హార్పర్ లీ నవల దీనికి మూలం. అలబామాలోని చిన్న పట్టణంలో, శ్వేతజాతి యువతిపై అత్యాచారం చేసినట్లు నేరం మోపబడిన టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుని పక్షాన న్యాయవాది ఆటికస్ ఫించ్ వాదిస్తాడు. ఆమె ముఖానికి దెబ్బలు తగిలినది కుడివైపు. కొట్టినవాడు ఎడమచేతి వాటం గలవాడు కావాలి. ముద్దాయికి ఎడమచేయి పనిచేయదు. రుజువు ఇంత స్పష్టంగా ఉన్నా న్యాయనిర్ణేతలు దోషి అనే తీర్పునిస్తారు. ఓడి వెళ్లిపోతున్న న్యాయవాదికి గౌరవసూచకంగా పై వసారాలోని నల్లజాతి ప్రజలందరూ లేచి నిలబడతారు. ఆ దృశ్యంలో పెక్ పలికిన మాట ఒక్కటీ లేదు. నడక, వాలిన భుజాలు, అంతే. ఆటికస్ పాత్రకు నమూనాయైన తన తండ్రి జేబు గడియారాన్ని హార్పర్ లీ ఆయనకు కానుకగా ఇచ్చినది.

లోపాలు లేవనలేము. ‘మోబీ డిక్’ చిత్రంలో కెప్టెన్ ఏహాబ్ పాత్రకు ఆయన సౌమ్యస్వభావం అతకలేదన్నవారున్నారు. ఆటికస్ కథలో శ్వేతజాతీయుడే వీరుడై, నల్లజాతీయుడు కేవలం బాధితుడుగా మిగిలాడనే విమర్శ కూడ సమంజసమైనదే. 2015లో వెలువడిన హార్పర్ లీ మరొక నవలలో వృద్ధుడైన ఆటికస్ జాతిభేదాన్ని సమర్థించడం చూసి పాఠకలోకం కలవరపడింది. కాగా పెక్ తెరవెలుపలి నడవడిక ఈ విమర్శకు కొంత సమాధానం చెబుతుంది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైనప్పుడు ఆస్కార్ అకాడమీ అధ్యక్షుడు పెక్. ఏప్రిల్ 8న జరుగవలసిన ఉత్సవం, కింగ్ అంత్యక్రియల అనంతరం 10వ తేదీకి వాయిదా పడింది. 1969లో ఆయనకు అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేసింది.

2003 జూన్‌లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆటికస్ ఫించ్‌ను చలనచిత్ర నాయకులందరిలో ప్రథమునిగా ప్రకటించింది. కొద్ది రోజులకే, జూన్ 12న, 87 ఏళ్ల వయసులో పెక్ కన్నుమూశాడు. అంతిమ సభలో ఆయనను స్మరించి ప్రసంగించినవారిలో బ్రాక్ పీటర్స్ ఉన్నాడు. నలభై ఏళ్ల క్రితం తెరపై ముద్దాయి టామ్ రాబిన్సన్‌గా నటించినవాడు ఆయనే.

విద్యార్థి మిత్రులారా! తెరపై న్యాయం కొరకు వాదించడం నటనే కావచ్చు. లాభనష్టాలు తూచి అందరూ వద్దన్న వేళ అట్టి పాత్రను స్వీకరించడం మాత్రం నటన కాదు. ఏ వృత్తిలో ప్రవేశించినా మనకూ అట్టి వేళ ఒకటి రాకపోదు.