మిగ్‌ దిగి... జనంలోకి!

యుద్ధ విమానం నడిపిన మనిషి ఓట్ల బరిలోకి దిగారు. మొదటిసారే ఓడారు. ఆ తరవాత తాను నిలబడిన ఏ ఎన్నికలోనూ ఓడలేదు. కానీ పార్టీకి సారథ్యం వహించినప్పుడు మాత్రం విజయం ఆయన్ను ఊరించి, తప్పించుకుంది. మాజీ ఫైటర్‌ పైలట్‌ నలమాద ఉత్తమ్‌కుమార్‌రెడ్డి కథ ఇది.

1962లో పుట్టిన ఉత్తమ్‌ భారత వైమానిక దళంలో మిగ్‌-21, మిగ్‌-23 విమానాలు నడిపారు. తరవాత రాష్ట్రపతి భవన్‌లో భద్రత, ప్రొటోకాల్‌ వ్యవహారాలు చూశారు. అలాంటి కొలువు వదిలి 1994లో నల్గొండ జిల్లా కోదాడలో కాంగ్రెస్‌ అభ్యర్థిగా నిలబడ్డారు. తెలుగుదేశం గాలి హోరెత్తుతున్న రోజులవి. వేనేపల్లి చందర్‌రావు చేతిలో ఓడిపోయారు.

ఓడిన అభ్యర్థులు చాలామంది మళ్లీ ఎన్నికలొచ్చేదాకా నియోజకవర్గం మొహం చూడరు. ఉత్తమ్‌ మాత్రం కోదాడనే అంటిపెట్టుకున్నారు. 1999లో, 2004లో అక్కడే గెలిచారు. పునర్విభజన తరవాత 2009లో హుజూర్‌నగర్‌కు మారి మళ్లీ నెగ్గారు. కిరణ్‌కుమార్‌రెడ్డి మంత్రివర్గంలో గృహనిర్మాణ శాఖ చూశారు. 2014లో ఆయన హుజూర్‌నగర్‌ నుంచి, భార్య పద్మావతి కోదాడ నుంచి... ఒకేసారి శాసనసభలో అడుగుపెట్టారు!

తాను గెలిచి... పార్టీ ఓడి!

2015లో తెలంగాణ పీసీసీ పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. పార్టీ అధికారంలోకి వచ్చేదాకా గడ్డం తీయనని శపథం పట్టారు. 2018లో తెలుగుదేశం, తెజస, సీపీఐలతో కూటమి కట్టారు. కాంగ్రెస్‌కు దక్కినవి 19 సీట్లే. ఆయన గెలిచారు. కోదాడలో పద్మావతి 756 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

2019లో నల్గొండ ఎంపీగా నెగ్గి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. దాంతో అసెంబ్లీలో పార్టీ బలం 18కి తగ్గింది. ఫిరాయింపు చట్టం వర్తించకుండా విలీనం కావాలంటే మూడింట రెండొంతుల మంది ఉండాలి. 19 మందిలో అయితే 13 మంది కావాలి. 18 మందిలో 12 మంది చాలు! మర్నాడే సరిగ్గా 12 మంది తెరాసలో విలీనమయ్యారు. ఆయన గెలుపే పార్టీకి చేటయింది. అదే ఏడాది హుజూర్‌నగర్‌ ఉప ఎన్నికలో పద్మావతి 43 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. 2020లో గ్రేటర్‌ హైదరాబాద్‌లో 150 డివిజన్లకు పార్టీకి వచ్చినవి రెండే. బాధ్యత తనదేనంటూ ఉత్తమ్‌ తప్పుకున్నారు. 2021 జులైలో రేవంత్‌రెడ్డి పగ్గాలందుకున్నారు.

పదవి పోగానే అలిగి పార్టీ మారడం మన రాజకీయాల్లో మామూలే. ఉత్తమ్‌ అలా చేయలేదు. కొత్త సారథి కింద 2023లో మళ్లీ హుజూర్‌నగర్‌ బరిలోకి దిగి గెలిచారు. కోదాడలో పద్మావతీ నెగ్గారు. కాంగ్రెస్‌కు 64 సీట్లు వచ్చాయి.

నీళ్లూ... బియ్యం

ఆ డిసెంబరులో ఆయనకు నీటిపారుదల, పౌరసరఫరాల శాఖలు అప్పగించారు. రైతు పొలం, పేదింటి పొయ్యి... రెండూ ఆయన లెక్కలోకే వచ్చాయి. సంగారెడ్డి జిల్లాలో మంజీరపై 29.91 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన సింగూరు కూడా ఆ శాఖదే. పొలాలకూ, హైదరాబాద్‌ గొంతు తడపడానికీ ఆ నీళ్లే ఆధారం. 2025 ఉగాది నాడు రేషన్‌ సన్నబియ్యం పథకం హుజూర్‌నగర్‌లోనే మొదలైంది.

అంతకు కొద్దిరోజుల ముందు, ఫిబ్రవరి 22న, దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సైన్యం, నౌకాదళం, సింగరేణి బృందాలు దిగాయి. ఉత్తమ్‌ అక్కడే ఉండి పనులు చూశారు. రెండు నెలల గాలింపులో ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ సొరంగం నల్గొండ బీళ్లకు కృష్ణా నీళ్లు తేవాల్సింది. ఆయన్ను గెలిపిస్తూ వచ్చింది కూడా ఆ ఉమ్మడి జిల్లా జనమే. ఏడు గెలుపుల తరవాత ఆయన తీర్చాల్సిన పెద్ద బాకీ అదే.