పెట్టెలో మడిచి పెట్టుకున్న ఇల్లు

1990లలో న్యూయార్క్‌లో అద్దెకుంటున్న దక్షిణ కొరియా కళాకారుడు దో హో సుకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇంటికెదురుగా ఫైర్ స్టేషన్. చివరిసారి హాయిగా నిద్రపోయింది ఎక్కడని ఆలోచిస్తే, సియోల్‌లో తన చిన్న గది గుర్తొచ్చింది. ఆ గదిని ఇక్కడికి తెచ్చేసుకుంటే? పరాయి ఊళ్లో ఉన్నవాళ్లు చాలామంది ఈ మాట అనుకుని ఊరుకుంటారు. ఆయన ఊరుకోలేదు. సియోల్ వెళ్లి తల్లిదండ్రుల ఇంటి కొలతలు తీసుకున్నారు.

ఆ ఇంటికీ ఒక కథ ఉంది. తండ్రి సు సె ఒక్ కొరియాలో పేరున్న సిరా చిత్రకారుడు. సియోల్ కాంక్రీటు నగరంగా మారిపోతున్న 1970లలో, ఆయన పట్టుబట్టి పాతకాలపు పద్ధతిలో కలపతో పెంకుటిల్లు కట్టించారు. రాజప్రాసాదం ఆవరణలోని 19వ శతాబ్దపు భవనమొకటి దానికి నమూనా. హనోక్ అనే ఈ తరహా ఇళ్లలో దూలాలూ స్తంభాలూ ఒకదానిలో ఒకటి బిగుసుకుని నిలబడతాయి. అవసరమైతే విప్పదీసి ఇంకోచోట మళ్లీ కట్టుకోవచ్చు. ఇల్లు ప్రయాణం చేయగలదన్న ఊహ దో హోకు అక్కడే దొరికిందనుకోవచ్చు.

1999లో ఆయన ఆ ఇంటిని లేత ఆకుపచ్చ పట్టుగుడ్డతో, అసలు కొలతలకు కుట్టారు. కొరియా సంప్రదాయ దుస్తులు కుట్టడంలో చేయి తిరిగిన పెద్దల దగ్గర ఆ కుట్టుపని నేర్చుకున్నారు. పట్టు ఇల్లు మొదట లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శనకు వెళ్లింది. అది పైకప్పు నుంచి వేలాడుతుంటే, చూసేవాళ్లు కింద నిలబడి తలెత్తి చూస్తారు. ప్రదర్శన అయిపోగానే మడతపెట్టి పెట్టెలో సర్దేయడమే. పేరు కూడా ఒకచోట ఆగలేదు. ‘సియోల్ హోమ్’ తర్వాత ఎల్.ఎ., న్యూయార్క్, బాల్టిమోర్, లండన్... ఇల్లు ఎక్కడికి వెళ్తే ఆ ఊరి పేరు శిల్పం పేరులో చేరుతూ పోయింది.

గుడ్డతో కుట్టినదాన్ని శిల్పమంటారా అని అడిగేవాళ్లు ఉంటారు. నిస్సందేహంగా అనొచ్చు. ఖాళీ జాగాకు ఆకారమివ్వడం శిల్పి పనే కదా. ఆయన తర్వాత కుట్టిన ఇళ్లలో అయితే లోపలికి నడిచి వెళ్లొచ్చు కూడా. న్యూయార్క్‌లోని 22వ వీధిలో ఏళ్ల తరబడి అద్దెకున్న ఇంటిని పలుచని పాలిస్టర్ గుడ్డతో మళ్లీ కుట్టారు. మెట్లు, స్టవ్వు, తలుపు గొళ్లెం, కరెంటు స్విచ్చు, ఏదీ వదలలేదు. ఆ ఇల్లు చేజారే ముందు ఇంకో పని చేశారు. లోపల ప్రతి గోడకూ ప్రతి వస్తువుకూ తెల్ల కాగితం అంటించి, పైన రంగు పెన్సిళ్లతో రుద్ది, చెక్క గీతలూ మేకు తలలూ కాగితం మీదికి దించుకున్నారు. అద్దె ఇంటి మీద ఇంత ప్రేమ చూపించిన కళాకారుడు మరొకరు ఉన్నారా అనిపిస్తుంది.

అలాగని ఆయన ఇళ్లన్నీ ఊరట కోసమే కట్టినవి కావు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఇంజనీరింగ్ భవనం ఏడో అంతస్తు అంచున, సగం గాల్లోకి వేలాడుతూ చిన్న నీలం రంగు ఇల్లొకటి కనిపిస్తుంది. 2012లో పూర్తయిన ఈ శిల్పం పేరు ‘ఫాలెన్ స్టార్’. సుడిగాలికి ఎగిరొచ్చి అక్కడ పడినట్టుంటుంది. ముందు పూలతోట, లోపల కుర్చీలు, గోడకు కుటుంబ ఫొటోలు. నేల ఒక వాలులో, ఇల్లు ఇంకో వాలులో ఉండటంతో అడుగుపెట్టినవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కొత్త దేశంలో దిగినవాడి మొదటి రోజులు ఒంటికి తెలిసొచ్చేది ఇక్కడే.

తిరిగి వెళ్లి కొలతలు తీసుకునే అదృష్టం అందరికీ ఉండదు. పాలస్తీనా కుటుంబంలో, బీరుట్‌లో 1952లో పుట్టిన కళాకారిణి మోనా హటూమ్ 1975లో లండన్ చూడటానికి వెళ్లారు. ఇంతలో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై ఇక లండన్‌లోనే ఉండిపోయారు. 1996లో జెరూసలెంలో ఆమె సబ్బులతో ఒక శిల్పం చేశారు. నాబ్లస్ పట్టణంలో ఆలివ్ నూనెతో తయారయ్యే సబ్బు బిళ్లల్ని నేలమీద పరిచి, పాలస్తీనీయులకు అప్పగిస్తామని ఓస్లో ఒప్పందంలో ఇజ్రాయెల్ చెప్పిన భూముల హద్దుల్ని ఎర్రటి గాజు పూసలతో వాటిలో గుచ్చారు. ఆ సబ్బు వాసన అక్కడివాళ్లకు ఇంటి వాసన. సబ్బు మీద గీసిన హద్దులు నీళ్లు తగిలితే ఎన్నాళ్లుంటాయి?

మన దేశం నుంచి కళాకారుడు సుబోధ్ గుప్తా సంగతి చెప్పుకోవాలి. ఆయన 1964లో బిహార్‌లోని ఖగౌల్ అనే రైల్వే ఊళ్లో పుట్టారు. తండ్రి రైల్వే గార్డు. విమానాశ్రయపు ట్రాలీ మీద తాళ్లతో బిగించి కట్టిన మూటల్ని ఆయన లోహంతో పోతపోశారు. గల్ఫ్‌లో కూలి చేసి ఇంటికొచ్చేవాళ్ల సామాను అది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికో మస్కట్‌కో వెళ్లొచ్చిన కుటుంబాల్లో ఆ మూటను గుర్తుపట్టనివాళ్లుండరు. దుప్పట్లు, సెంటు సీసాలు, పిల్లలకు బొమ్మలు... ఏళ్ల చాకిరీ అంతా ఆ తాళ్ల మధ్యనే ఉంటుంది. దో హో పట్టు ఇల్లు పెట్టెలో మడుచుకుంటుంది. గుప్తా మూటను ఒక్కరు ఎత్తలేరు. వలసలో ఉన్న ఆ బరువును మాటల్లో కంటే లోహంలో చూపడమే న్యాయమనిపిస్తుంది.

2025లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం దో హో పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అందులో ఆయన లండన్ ఇంటి ఆకారాన్ని పలుచని గుడ్డతో నిలబెట్టి, అంతకుముందు తానున్న ఇళ్లలోని స్విచ్చులు, గొళ్లాలు, ప్లగ్గులు అన్నీ ఆ గోడలకే కుట్టారు. సియోల్‌వి, ప్రావిడెన్స్‌వి, బెర్లిన్‌వి, న్యూయార్క్‌వి ఒకే గోడ మీద, ఒక్కో ఇంటిది ఒక్కో రంగులో. చీకట్లో స్విచ్చు కోసం చేయి దానంతటదే వెళ్లే ఎత్తు ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. దో హో ఆ ఎత్తుల్ని సరిచేయలేదు. ఏ ఇంట్లో ఎంత ఎత్తున ఉండేదో ఇక్కడా సరిగ్గా అంతే ఎత్తున పెట్టారు.