చెరుకు బండి కిరాయి

మన కథల్లో చెరుకు తోట కనిపిస్తుంది. బండి కిరాయి కనిపించదు. ఈ లోపం నా రాతల్లోనూ ఉందని బోధన్‌లోనే గ్రహించాను.

పది టన్నుల చెరుకు ఆడితే వచ్చే చక్కెర సుమారు ఒక టన్ను. నరికిన గడ ఆలస్యమైనకొద్దీ బరువూ తీపీ కోల్పోతుంది. నిజామాబాద్ పసుపు ఎండిన సరుకు. ధర కోసం సాంగ్లీ దాకా పోగలదు. చక్కెర బస్తా సముద్రాలే దాటుతుంది. చెరుకు మాత్రం దూరం పెరిగినకొద్దీ రైతుకు గిట్టదు. అందుకే 1930ల చివర నిజాం షుగర్ ఫ్యాక్టరీ తోటల నడుమ, శక్కర్‌నగర్‌లో వెలిసింది.

2015 డిసెంబరులో అది మూతపడింది. ప్రభుత్వం ప్రకటించే చెరుకు ధర మిల్లు గేటు దగ్గరి ధర. గేటు దూరమైతే, ఆ ధరలోంచే కిరాయి తరుగుతుంది. భూమి అదే, చెమట అదే. ఆదాయం మాత్రం తగ్గుతుంది.

సరుకును చోటు మార్చే శ్రమ కూడా ఉత్పత్తిలో భాగమేనని మార్క్స్ ‘పెట్టుబడి’ రెండో సంపుటంలో వివరించాడు. ఆ కిరాయి ఎవరు మోశారో చెప్పని పల్లె కథ సగం కథే.