మనుష్యులను సంతోషపెట్టుట: పౌలు కాదన్నదేది? అవునన్నదేది?

దైవసేవకుడు మనుష్యులను సంతోషపెట్టకూడదని చెప్పడానికి మనము సాధారణంగా గలతీ 1:10ను చూపిస్తాము. అయితే 1 కొరింథీ 10:33లో అదే అపొస్తలుడు తాను అన్ని విషయాలలో అందరినీ సంతోషపెడుతున్నానని వ్రాశాడు. రెండు చోట్లా గ్రీకు మూలములో ఉన్న క్రియాపదము ఒక్కటే: ‘అరెస్కో’. మరి పౌలు తన మాటకు తానే విరుద్ధంగా మాట్లాడుతున్నాడా? ఈ రెండు వచనాలను కలిపి చదివితేనే కాపరి పరిచర్యకు సరియైన కొలబద్ద దొరుకుతుంది.

1. దాసునికి ఒక్కడే యజమానుడు

గలతీయ సంఘాలలో ప్రవేశించిన కొందరు బోధకులు, అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలని బలవంతపెట్టారు. పౌలు సున్నతిని విడిచిపెట్టి, సువార్తను సులువు చేసి జనాన్ని మెప్పిస్తున్నాడని వారు నింద వేసి ఉంటారని అనేకమంది వ్యాఖ్యాతలు భావిస్తారు. పౌలు ఇచ్చిన జవాబులో ‘దాసుడు’ అనే మాట కీలకమైనది. మనుష్యుల మెప్పు కోరేవాడు క్రీస్తు దాసుడు కాలేడు. ఎందుకంటే దాసుడు లెక్క అప్పగించవలసినది ఒక్కనికే.

2. మెప్పు వెనుక దాగినవి

క్రీ.శ. 50 ప్రాంతములో వ్రాసిన 1 థెస్సలొనీక పత్రికలో (2:3-6) పౌలు ఈ విషయాన్ని ఇంకా విప్పి చెప్పాడు. ముఖస్తుతి, ధనాపేక్ష, మనుష్యుల వలన కలిగే ఘనత అనే మూడింటినీ తాను ఆశ్రయించలేదన్నాడు. ఆ కాలములో పట్టణాలు తిరుగుతూ ఉపన్యాసాలిచ్చే తత్వవేత్తలలో సొమ్ము కోసం, కీర్తి కోసం మాట్లాడేవారు ఉండేవారు. ఈ భాగానికీ, అలాంటివారిని విమర్శించిన దియో క్రిసొస్తొము ప్రసంగానికీ ఉన్న పోలికలను అబ్రహాం మాల్హెర్బ్ 1970లో ఒక వ్యాసములో చూపించాడు. దీనిని బట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. పౌలు కాదన్నది ఎదుటివారి సంతోషాన్ని కాదు. దాని ద్వారా తనకు వచ్చే లాభాన్ని. 1 కొరింథీ 10:33లో కూడా తన ప్రయోజనము కోరక, అనేకుల రక్షణ కొరకే అలా చేస్తున్నానని అతడు వెంటనే వివరించాడు. రోమా 15:1-3 ప్రకారము పొరుగువానిని సంతోషపెట్టవలసినది అతని మేలు కొరకు, క్షేమాభివృద్ధి కొరకు. అందుకు మాదిరి తన్ను తాను సంతోషపరచుకొనని క్రీస్తే.

3. తిమోతి, తీతు

ఈ సూత్రము పౌలు క్రియలలోనూ కనబడుతుంది. తల్లి యూదురాలైన తిమోతికి అతడు సున్నతి చేయించాడు (అపొ. కా. 16:3). గ్రీసుదేశస్థుడైన తీతు విషయములో ఒత్తిడి వచ్చినా కొంచెము సేపైనా లొంగలేదు (గలతీ 2:3-5). మొదటి సందర్భములో యూదుల మధ్య సువార్తకు అడ్డు తొలగింది. రెండవ సందర్భములో లొంగి ఉంటే, కృపకు ఒక షరతు చేరి ఉండేది. పౌలు తన స్వేచ్ఛను వదులుకున్నాడు గాని సువార్త సత్యాన్ని వదులుకోలేదు.

4. అంతియొకయలో భోజనపు బల్ల

కేఫా అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేసేవాడు. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకకు తీశాడు. బర్నబా సహితము ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు (గలతీ 2:11-14). కేఫా బోధ మారలేదు. కూర్చునే చోటు మాత్రమే మారింది. అయినా ఆ ఒక్క మార్పుతో అన్యజన విశ్వాసులు రెండవ తరగతివారయ్యారు. వచ్చినవారు నొచ్చుకోకూడదని, సమాధానము చెడకూడదని కేఫా తలంచి ఉండవచ్చు. పౌలు మాత్రము దానిని సువార్తకు సంబంధించిన విషయముగా ఎంచి అందరి యెదుట గద్దించాడు.

5. మన సంఘాలకు అన్వయము

తెలుగు సంఘాలకు ఈ బల్ల దూరమైనది కాదు. ఒకే ఊరిలో మాల, మాదిగ విశ్వాసులు వేర్వేరుగా కూడుకొనే చోట్లు మనకు తెలుసు. పై కులాలనుండి వచ్చినవారు వెళ్లిపోతారేమోనని, పేట విశ్వాసి ఇంట భోజనానికి వెళ్లకుండా ఏదో సాకు చెప్పే కాపరి కేఫా కూర్చున్న చోటనే కూర్చున్నాడు. అతని ప్రసంగములో తప్పు లేకపోవచ్చు. అయితే ఆ ఇంట వండి ఎదురుచూసినవారికి అతని గైర్హాజరే ప్రసంగము.

కానుకల విషయము కూడా ఇలాంటిదే. పౌలు ఫిలిప్పీయుల సహాయము పుచ్చుకున్నాడు (ఫిలిప్పీ 4:15-16). కొరింథులో మాత్రము ఎవరికీ భారముగా ఉండలేదు (2 కొరింథీ 11:9). కానుక పుచ్చుకొనుట తప్పు కాదు. పెద్ద కానుక ఇచ్చిన పెద్దకు ఒక క్రమశిక్షణ, పేద విధవరాలి కుమారునికి మరొక క్రమశిక్షణ అమలు చేస్తే, ఆ కానుక కాపరి నోరు కట్టివేసినట్టే.

6. ఒక హెచ్చరిక

నేను దేవుని మాత్రమే సంతోషపెడతానంటూ కఠినముగా మాట్లాడుట, లెక్కలు అడిగిన సంఘ పెద్దలకు జవాబు చెప్పకపోవుట గలతీ 1:10కి అన్వయము కాదు. థెస్సలొనీకయుల మధ్య తాను పిల్లలను పోషించే తల్లివలె సాధువుగా ఉన్నానని పౌలు జ్ఞాపకము చేశాడు (1 థెస్స. 2:7). యెరూషలేము చందా విషయములో ప్రభువు యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుట కూడా యోగ్యముగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21).

కాబట్టి ఒక నిర్ణయానికి ముందు కాపరి తన్ను తాను అడుగుకొనవలసినవి రెండు ప్రశ్నలు. దీని వలన లాభము ఎవరికి, నాకా, వారికా? నేను వదులుకొంటున్నది నా స్వేచ్ఛనా, సువార్త సత్యాన్నా? ఈ రెండింటికీ దేవుని సన్నిధిలో జవాబు చెప్పగలిగినవాడు మనుష్యులను నిజముగా ప్రేమించగలడు. వారి మెప్పు అతనికి అవసరము లేదు.