మాటు పోయింది.. మంచె మిగిలింది

బళ్లారి: నల్లరేగడి చేలో శనగ మొలక రెండాకులు వేసిందంటే చాలు, సరిహద్దు పల్లెల రైతుకు నిద్ర కరువే. ఇటు సిరుగుప్ప, బళ్లారి తాలూకాలు.. అటు ఆలూరు, ఆదోని. జింకల మందకు రాష్ట్రాలతో పనేముంది? తెల్లవారుజామున దిగితే పొద్దెక్కేసరికి సాళ్లు బోసిపోతాయి.

ఒకప్పుడు ఇదే జింక కోసం మనిషి మాటు కాసేవాడు. హంపీలో మహానవమి దిబ్బ రాళ్లపై ఆ వేట బొమ్మలు నేటికీ కనిపిస్తాయి. మాటు ఎక్కడ వేయాలన్నదే వేటగాడికి అసలు విద్య. ముందు జాడ చూడాలి. గిట్టల గుర్తులు, పెంటికలు, నీళ్లకు పోయే దారి. ఆ తర్వాత గాలి. గుప్పెడు దుమ్ము ఎగరేస్తే సంగతి తెలిసిపోతుంది. వానాకాలం పడమటి గాలి కాబట్టి జింకల దారికి తూర్పున కూర్చునేవారు. మనిషి వాసన వాటికి తగలకూడదు మరి.

ఎద్దు చాటున..

అడవిలో దుప్పికైతే చెట్టుమీద మంచె సరిపోయేది. కృష్ణజింక సంగతి వేరు. ఇది బయలు జంతువు. కన్ను మహా చురుకు, లేచిందంటే గంటకు 80 కిలోమీటర్ల పరుగు. చెట్టూచేమా లేనిచోట చాటెక్కడ? అందుకే ఎద్దు చాటున నడిచేవారు. లేదంటే బండి. సేద్యపు ఎద్దును చూసి జింక బెదరదు. నేరుగా పోకుండా, ఎద్దు మేస్తూ పోతున్నట్టు వంకర టింకరగా దగ్గరయ్యేవారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట ముగిసింది. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 1998 నాటి జోధ్‌పూర్ కేసులో హీరో సల్మాన్ ఖాన్‌కే 2018లో కింది కోర్టు 5 ఏళ్ల శిక్ష వేసింది (ఆయన అప్పీలుకు వెళ్లారు). పంట పోయిందన్న కోపంతో ఉచ్చు పెట్టినా నేరమే.

లెక్క తిరగబడింది

మరి రైతు ఏం చేయాలి? వేటగాడి లెక్కే, కాకపోతే తలకిందులుగా. వాడు దాక్కునేవాడు, కావలి మనిషి కనిపించాలి. వాడు వాసన తగలనిచ్చేవాడు కాదు, ఇక్కడ తగలాలి. అంటే మంచె గాలి వచ్చే వైపు గట్టున, మంద దిగే దారి కనిపించేలా, నాలుగు వైపులా తెరిచి ఉండాలి. ఏ పొదచాటునో వేస్తే కావలి ఉన్నట్టు జింకకు తెలిసేదెలా?

కంచెకు కరెంటు తగిలించేవారూ లేకపోలేదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను మనిషికే అది ముందు తగులుతుంది! నష్టం జరిగితే పహణి, పంట ఫొటోలతో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో పరిహారం గురించి అడగడం మేలు.

ఇంకో మాట. దసరా దాటాక గాలి తూర్పుకు తిరుగుతుంది. వానాకాలం పంటకు పడమటి గట్టున వేసిన మంచెను శనగ వేసేనాటికి తూర్పు గట్టుకు మార్చుకోవాలి.