పొగ ఎప్పుడొచ్చింది?

సైలెన్సర్‌లోంచి నీలం పొగ కనబడితే చాలు, మన వీధి మెకానిక్ బండి స్టాండు వేయకముందే తీర్పు చెప్పేస్తాడు: "బోరుకొచ్చింది." ఆ ఒక్క మాటలో రెండు రోగాలున్నాయి. సిలిండర్ గోడ, పిస్టన్ రింగులు అరిగిన సందులోంచి కింది ఆయిల్ పైకెక్కి కాలుతుంది. అదే సందులోంచి పైనున్న గ్యాసు కిందికి జారిపోయి బండి లాగడం మానేస్తుంది. సందు ఒకటే కాబట్టి మాట కూడా ఒకటే సరిపోతుంది.

ఈ తీర్పు చెల్లని ఇంజన్ ఒకటుంది. అందులో పిస్టనూ లేదు, బోరూ లేదు. గుప్పుగుప్పున పొగ వదులుతున్నా దాని బలం చెక్కుచెదరకపోవచ్చు. పొగ జాడే లేకుండా ప్రాణం పోనూవచ్చు. అదే రోటరీ ఇంజన్. కనిపెట్టినవాడి పేరు మీద వాంకెల్ ఇంజన్ అనీ అంటారు. దాని జీవితకథ మొదటి నుంచి చివరి దాకా సందులు మూసే కథే.

సీలు వేసే విద్య

ఫెలిక్స్ వాంకెల్ 1902లో జర్మనీలోని లార్ పట్టణంలో పుట్టాడు. ఇంజినీరింగ్ డిగ్రీ చదవలేదు. చూపు బాగా తక్కువ. జీవితమంతా ఇంజన్లతో గడిపినా డ్రైవింగ్ లైసెన్స్ మాత్రం ఏనాడూ తీసుకోలేదు. 1929లో రోటరీ యంత్రానికి పేటెంట్ సంపాదించాడు గానీ, అన్నం పెట్టిన విద్య వేరు: తిరిగే భాగాల మధ్య నుంచి గ్యాసు జారిపోకుండా సీలు వేయడం. ఆ నేర్పుతోనే బీఎండబ్ల్యూకూ, తర్వాత నాజీ ప్రభుత్వ విమానశాఖకూ పనిచేశాడు. యుద్ధం ముగిశాక ఫ్రెంచి సేనలు అతణ్ణి కొన్నాళ్లు జైల్లో పెట్టాయి.

1950ల్లో ఎన్‌ఎస్‌యూ అనే మోటారు సైకిళ్ల కంపెనీ అతణ్ణి చేరదీసింది. 1957 ఫిబ్రవరి 1న తొలి నమూనా తిరిగింది. అందులో లోపలి రోటరే కాదు, చుట్టూ ఉన్న గూడు కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్ మార్చాలంటే ఇంజన్ విప్పాల్సిందే. అదే కంపెనీ ఇంజినీరు హన్స్ డీటర్ పాష్కే గూటిని కదలకుండా బిగించి, రోటర్‌ను మాత్రమే తిప్పాడు. తన పందెం గుర్రాన్ని తెచ్చి నాగలికి కట్టారని వాంకెల్ వాపోయాడంటారు. లోకానికి దక్కింది మాత్రం ఆ నాగలి గుర్రమే.

దాని లోపలికి తొంగిచూద్దాం. గూడు వేరుశనక్కాయ ఆకారంలో, నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. లోపల పక్కలు ఉబ్బిన సమోసాలాంటి మూడు మూలల రోటర్ తిరుగుతుంది. దాని మూడు మూలలూ గూటి గోడను ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. దాంతో మూడు గదులు ఏర్పడతాయి. రోటర్ తిరిగే కొద్దీ ఒక్కో గది పెద్దదవుతూ చిన్నదవుతూ పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అనే నాలుగు పనులూ చేసేస్తుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, పైకీ కిందికీ కొట్టుకునే బరువులు లేవు. అందుకే అంత నున్నగా పాడుతుంది.

చిక్కంతా సందుల దగ్గరే. మూడు మూలలకు మూడు అపెక్స్ సీళ్లు. రెండు పక్కలా కలిపి ఆరు సైడ్ సీళ్లు. ఇవి రెండూ కలిసే చోట ఆరు కార్నర్ సీళ్లు. ఈ పదిహేనూ గ్యాసును కాపలా కాస్తాయి. మరోవైపు, రోటర్ కడుపులోకి చిమ్మే ఆయిలే దాన్ని చల్లబరుస్తుంది. ఆ ఆయిల్ మండే గదుల్లోకి పోకుండా రోటర్‌కు ఇటు రెండు, అటు రెండు గుండ్రటి ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఒక్కోదానికి లోపల రబ్బరు రింగు. పిస్టన్ ఇంజన్లో ఒకే పిస్టన్ మీద పక్కపక్కనే కూర్చునే రెండు కాపలాలు ఇక్కడ వేరు కాపురాలు పెట్టాయి. ఒకటి చెడితే రెండోది చెడాలని లేదు.

హిరోషిమాలో ఇద్దరు శత్రువులు

ఈ తేడాను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాళ్లు జపాన్ ఇంజినీర్లు. హిరోషిమాలోని తోయో కోగ్యో కంపెనీ, అంటే నేటి మాజ్దా, ఎన్‌ఎస్‌యూ దగ్గర లైసెన్స్ కొని, 1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో ప్రత్యేక విభాగం పెట్టింది. 47 మంది ఇంజినీర్లు కావడంతో జపాన్ గాథలోని 47 మంది సమురాయ్‌ల పేరు వాళ్లకు అంటుకుంది.

మొదటి శత్రువు గూటి గోడ మీద గీతలు. అపెక్స్ సీళ్లు గోడను రాసుకుంటూ కంపించి, నునుపైన లోహం మీద గోళ్లతో రక్కినట్టు చారలు పెట్టేవి. వాటిని 'దెయ్యపు గోళ్ల గుర్తులు' అన్నారు. సీలు ఆకారాన్నీ పదార్థాన్నీ మారుస్తూ పోయి, చివరికి అల్యూమినియం ఇంకించిన కార్బన్ సీలు దగ్గర ఆగారు.

రెండో శత్రువు పొగ. ఆయిల్ సీళ్లు దాటిన నూనె కాలి, పరీక్షబండి వెనక పొగమేఘం లేచేది. దానికి 'కచి కచి యమ' అని పేరుపెట్టారు. అది జపాన్ పిల్లలందరికీ తెలిసిన కథ. అందులో తనూకి అనే జంతువు వీపు మీది పుల్లలమోపుకు కుందేలు వెనకనుంచి నిప్పంటిస్తుంది. గోళ్ల గుర్తులకు దొరికిన మందు ఈ పొగకు పనిచేయలేదు. దీనికి వేరే నిపుణులతో కలిసి వేరే ఆయిల్ సీళ్లు చేయాల్సి వచ్చింది. శత్రువులిద్దరూ లొంగాకే, 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ కారు బజారుకొచ్చింది.

అదే ఏడాది జర్మనీలో ఎన్‌ఎస్‌యూ ఆర్‌ఓ 80 అనే అందమైన కారు తెచ్చింది. యూరప్‌లో 1968 మేటి కారుగా బహుమతి కొట్టింది. కానీ చాలా బళ్లలో 50,000 కిలోమీటర్లు నిండకముందే అపెక్స్ సీళ్లు అరిగిపోయాయి. వారంటీ కింద ఇంజన్లు మార్చిమార్చి చితికిన ఎన్‌ఎస్‌యూ 1969లో ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కింద ఆడీతో కలిసిపోయింది.

నాడి పట్టడం

ఇక రోగి మన ముందుకొస్తే? మొదట తెలుసుకోవాల్సింది, ఈ ఇంజన్లో కాస్త ఆయిల్ కాలడం ఆరోగ్య లక్షణం. అపెక్స్ సీళ్లు ఎండిపోకుండా ఒక చిన్న పంపు కొలతగా ఇంజన్ ఆయిల్‌ను లోపలికి పంపుతూ ఉంటుంది. పాత చేతక్ స్కూటర్‌కు పెట్రోలు బంకులో 2టీ ఆయిల్ కలిపించుకున్నవాళ్లకు ఇది వింతేమీ కాదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ అసలు తగ్గకపోతేనే ఆ పంపును అనుమానించాలి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న "ఎంత పొగ?" అని కాదు, "ఎప్పుడు పొగ?" అని. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం మేఘం వదిలి, కాసేపటికి సర్దుకుంటే, ఆయిల్ సీళ్ల చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి రాత్రి నూనె కిందికి ఊరిందన్నమాట. వేగంగా పోతూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు పొగ వస్తే అనుమానం మళ్లీ వాటి మీదే. గాలిదారి మూసుకున్న ఇంజన్ బలంగా పీలుస్తుంది. గాలి దొరక్క సీలు పక్కనుంచి నూనెను లాక్కుంటుంది. ఒక్కసారి ఇంజన్ బాగా వేడెక్కినా ఆ రబ్బరు పాడవుతుంది. తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తే అది నూనె కాదు, రేడియేటర్ కూలెంట్. చెడింది గూటి పలకల మధ్య నీటి సీలు.

ఇంజన్ విప్పే ముందు చవక అనుమానాలు తీర్చుకోవాలి. ఆయిల్ మితిమీరి పోశారా? బ్రీదర్ గొట్టంలోంచి నూనె గాలిదారిలోకి పోతోందా? టర్బో ఉంటే దాని సీలు కారుతోందా? రోటర్లు ఒకటికి మించి ఉన్న ఇంజన్లో, ప్లగ్గులు విప్పితే తడిసి నల్లబడ్డ ప్లగ్గే ఏ రోటర్ దోషో చెబుతుంది.

గ్యాసు సీళ్ల సంగతి పొగ చెప్పదు. అవి అరిగితే బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తుంది. వేడెక్కాక ఆపి మళ్లీ తాళం తిప్పితే మొరాయిస్తుంది. దానికి కంప్రెషన్ చూడాలి. మామూలు గేజ్ పనికిరాదు. అది మూడు గదుల్లో అన్నిటికంటే బలమైనదాని అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. మూడింటినీ విడివిడిగా చూపే పరికరం కావాలి. అది లేనప్పుడు ఒక రోటర్ ప్లగ్గు విప్పి, పెట్రోలు ఆపి సెల్ఫ్ కొట్టినా చాలు, చెవి పట్టేస్తుంది. ఆరోగ్యంగా ఉంటే 'తకిట తకిట' అని మూడు సమానమైన దెబ్బలు. ఒక దెబ్బ నీరసిస్తే ఆ గది సైడ్ సీలో కార్నర్ సీలో పోయింది. రెండు నీరసిస్తే ఆ రెండు గదులకూ ఉమ్మడి గోడ అయిన అపెక్స్ సీలు విరిగింది. మూడూ ఒకేలా నీరసిస్తే మొత్తం అరుగుదల.

అంకెలు కావాలంటే మాజ్దా ఆర్‌ఎక్స్-8కు నిమిషానికి 250 చుట్ల దగ్గర 830 కిలోపాస్కల్స్ ఉండాలి. 680కి తగ్గకూడదు. ఒకే రోటర్ గదుల మధ్య తేడా 150, రెండు రోటర్ల మధ్య 100 దాటకూడదు.

ఇక్కడే బోల్తా పడే చోటు ఒకటుంది. ఆయిల్ సీళ్లు కారే ఇంజన్లో గదులన్నీ నూనెతో తడిసి ఉంటాయి. ఆ నూనే సందులు పూడ్చి కంప్రెషన్‌ను బాగున్నట్టు చూపిస్తుంది. అంటే ఒక రోగం మరో రోగాన్ని దాచిపెడుతుంది. బాగా పొగ వదిలే పాత బండి కొనబోయేవాడు మంచి అంకెలు చూసి మురిసిపోకూడదు.

అర మిల్లీమీటరు

1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా 787బీ కారు 24 గంటల్లో 362 చుట్లు తిరిగి గెలిచింది. దాని అపెక్స్ సీళ్లు సెరామిక్‌వి. మన దేశంలో 'నిశాంత్' అనే మానవరహిత విమానం కోసం చేసిన 55 హార్స్ పవర్ వాంకెల్ ఇంజన్ 2009లో కోలార్ దగ్గర గాల్లోకి లేచింది. కానీ రోజూ ఆఫీసుకెళ్లే బండికి పందెమూ ఆకాశమూ అక్కర్లేదు, మన్నిక కావాలి. ఆర్‌ఎక్స్-8 ఇంజన్లపై ఫిర్యాదులు వచ్చి, అమెరికాలో 2004-08 మోడళ్లకు ఇంజన్ వారంటీని మాజ్దా 8 ఏళ్లకు, లక్ష మైళ్లకు పెంచాల్సి వచ్చింది. 2012లో ఆ కారు తయారీ ఆగింది.

2023లో రోటరీ మళ్లీ వచ్చింది. మాజ్దా ఎంఎక్స్-30 ఎలక్ట్రిక్ కారులో ఒకే రోటర్, 830 సీసీ. ఈసారి చక్రాలు తిప్పే పని దానిది కాదు, బ్యాటరీకి కరెంటు పుట్టించడమే. పాత ఇంజన్ నుంచి ఏం మార్చారో చెబుతూ కంపెనీ ఇచ్చిన వివరాల్లో ఒక చిన్న అంకె ఉంది. అపెక్స్ సీలు మందం 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కు పెరిగింది. వాంకెల్ చనిపోయి అప్పటికి 35 ఏళ్లు. సీళ్ల మనిషి పుట్టించిన ఇంజన్‌కు ఇప్పటికీ వైద్యం సీళ్ల దగ్గరే జరుగుతోంది.