జాలి కాదు, హక్కు

నడువలేనివానికి మనమీయవలసినది జాలియా, హక్కా? ఈ ప్రశ్నను దేశము ముందుంచినవారిలో శ్రీ జావేద్ అబీదీ ముఖ్యులు.

1965లో అలీగఢ్‌లో జన్మించిన శ్రీ అబీదీకి పుట్టుకతోనే వెన్నెముక లోపము. పదునైదవ యేటి నుండి చక్రముల కుర్చీయే ఆధారము. అమెరికాలో పత్రికారచన నభ్యసించి, స్వదేశమునకు వచ్చి, వికలాంగులను సంఘటితపరచిరి. వారి ఆందోళన తోడ్పడగా 1995లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టము నామోదించినది. అందు ఏడు విధములైన వైకల్యములే పేర్కొనబడినవి; 2016 నాటి కొత్త చట్టము ఇరువదియొకటింటిని గుర్తించినది. ఈ చట్టమునకును శ్రీ అబీదీ పాటుపడిరి. 2018లో దివంగతులైరి.

గ్రామములకు వీరి కృషితో గల సంబంధమేమి? పోలింగు కేంద్రము మెట్లపైనున్నచో కాళ్లులేని వోటరు గుమ్మమువద్దనే నిలిచిపోవును. 2004 ఎన్నికల వేళ వీరు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, ర్యాంపులు, అనగా వాలుబాటలు, ఏర్పరుపవలెనని న్యాయస్థానము ఆదేశించినది.

వాలుబాట నిటారుగా ఉండరాదు. అరుగు ఒక అడుగు ఎత్తున్నచో బాట పండ్రెండడుగుల పొడవుండవలెను. మన బడికి, పంచాయతీ కార్యాలయమునకు అట్టి బాట కలదా? పాఠకులు నేడే కొలిచి చూడవలెనని మేము కోరుచున్నాము. లేనిచో గ్రామసభలో అడుగుడు. అది యాచన కాదు, హక్కు.